కమాను పట్టీకి కట్టిన ఉప్పు మూట

కారు కమాను విరిగితే ఎంతవుతుంది?

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద నా షెడ్డు నడిచినన్నాళ్లూ జనం నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగింది ఈ ప్రశ్నే. నేను వాళ్లను దేవుడి గురించి అడిగేవాణ్ని, వాళ్లు నన్ను కమాను ఖరీదు అడిగేవాళ్లు. ఎవరి ప్రశ్నకూ ఎవరమూ తిన్నగా జవాబు చెప్పుకోకుండానే ఎనభైలూ తొంభైలూ గడిచిపోయాయి. ఇప్పుడు పానాలు పక్కన పెట్టాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం కనీసం వాళ్ల ప్రశ్నకైనా నిజాయితీగా జవాబు రాస్తాను. నా ప్రశ్న సంగతి మీరే చూసుకోండి.

కమాను అంటే ఏమిటో ముందు చెప్పాలి. పాత అంబాసిడర్ కారు వెనక ఇరుసుకు అటూ ఇటూ ఉక్కు బద్దలు ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి బిగించి ఉంటాయి. ఒక్కో బద్దను పట్టీ అంటాం, అన్నీ కలిస్తే కట్ట అంటాం. అన్నిటికంటే పొడుగాటిది మెయిన్ పట్టీ. చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బను కట్ట మింగుతుంది. కట్ట మింగకపోతే మీ నడుము మింగుతుంది. ఇంతకంటే శాస్త్రం ఇందులో లేదు.

ఒక్కటి విరిగితే రెండెందుకు?

ఖరీదు చెప్పడానికి మూడు దారులున్నాయి. విరిగిన పట్టీ ఒక్కటే మార్చడం అన్నిటికంటే చవక. ఆ వైపు కట్ట మొత్తం మార్చడానికి అంతకంటే ఎక్కువ అవుతుంది. రెండు వైపులా కట్టలు జోడుగా మార్చడం అన్నిటికంటే ఖరీదు, సరైన పని కూడా చాలాసార్లు అదే. ఒక వైపు కొత్త ఉక్కు, ఇంకో వైపు అలసిన ఉక్కు పెడితే కారు ఒక చంకలో పిల్లను ఎత్తుకున్నట్టు పక్కకు ఒరిగి నడుస్తుంది.

ఈ మాట చెప్పగానే యజమాని మొహంలో అనుమానం మొదలవుతుంది. ఒకాయన నన్ను నిలదీశాడు.

“ఒక్క చెప్పు తెగితే రెండు కొంటమా ఉస్తాద్?”

“కొంటాం. దుకాణంవాడు ఒకటి అమ్మడు గనుక.”

“గట్లనే నువ్వు గూడ అమ్మవన్నట్టు!”

ఆయన అనుమానం తప్పు కాదు. విరిగినదాని పక్కనున్న మంచి పట్టీని కూడా తీసేసి, దానికి నల్లరంగు పూసి, వచ్చే వారం ఇంకొకరికి కొత్తదని బిగించే మెకానిక్కులు మన వృత్తిలో ఉన్నారు. వాళ్ల పేర్లు రాయను. నల్లరంగు డబ్బా షెడ్డులో ఏ మూలన ఉందో చూస్తే మీకే తెలుస్తుంది. అందుకే నా నియమం ఒకటే. విప్పకముందు ఖరీదు చెప్పండి, విప్పాక విరిగిన ముక్క యజమాని చేతికివ్వండి. ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకుంటాడన్నది మీకు అనవసరం. ఒకావిడ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది.

మొయినుద్దీన్ ఉస్తాద్

నాకు పని నేర్పినవాడు మొయినుద్దీన్ ఉస్తాద్. ఐదు పూటలా నమాజు చేసేవాడు. కానీ ఎవరైనా కారుకు తావీజు కట్టమంటే ఒప్పుకునేవాడు కాదు.

“తావీజ్ కట్టినంక నట్టు బిగించుడు మర్చిపోతర్ర భై” అనేవాడు.

నాస్తికత్వం మీద నేను విన్న వందల ఉపన్యాసాలలో ఇంత చక్కటి వాక్యం ఒక్కటీ లేదు. అన్నది ఆస్తికుడు, అదీ తమాషా.

ఏ ముక్క విరిగినా ఉస్తాద్ దాన్ని తుడిచి, ఎండకు పెట్టి, ఉత్తరం చదివినట్టు చాలాసేపు చూసేవాడు. “ముందు ఇరిగినదాని మొఖం చూడు. తర్వాత తెచ్చినోని మొఖం చూడు” అని చెప్పేవాడు. ఒక్క దెబ్బకు విరిగిన ఉక్కు ముఖమంతా ఒకే తీరుగా మెరుస్తుంది. ఎన్నాళ్లనుంచో లోపల చీలుతూ వచ్చి విరిగితే పాత భాగం నల్లబడి, చివర విరిగిన అంచు మాత్రం మెరుస్తుంది. మొదటిది గుంత చేసిన పని. రెండోదానికి వేరే కారణం వెతకాలి.

నేను ఈ పాఠం నేర్చుకున్నాను. ఉపన్యాసాలిచ్చే అలవాటు వల్ల మరచిపోయాను. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నా జబ్బు

ఆ రోజుల్లో ప్రతి ఆదివారం మా ఊళ్లో ఒక చర్చా మండలి నడిచేది. దయ్యాలు, జాతకాలు, శకునాలు, బాబాలు, వారానికి ఒకరిని ఉతికి ఆరేసేవాళ్లం. నా గొంతు పెద్దది. ఇంజను నడుస్తుండగా మాట్లాడి మాట్లాడి అలా తయారైంది. ఎదుటివాడు నోరు తెరిచేలోపు మూడు వాదనలు వేసేవాణ్ని.

ఆ ఊపు షెడ్డులోకీ తెచ్చాను. “ఇక్కడ నిమ్మకాయలు కట్టబడవు” అని బోర్డు పెట్టాను. అమావాస్య నాడు బండి విప్పించుకుంటే కూలి సగమే అని ప్రకటించాను. ఆరు నెలల్లో ఒక్కడంటే ఒక్కడు వచ్చాడు. నేను చెయ్యి కలిపి, అతని ధైర్యాన్ని మెచ్చుకుని, పక్క షెడ్డువాళ్లను పిలిచి చూపించాను.

“ఇయ్యాల అమాస్యనా?” అని ఆ మనిషి బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఎవరి కారు కింద నల్లగుడ్డ మూట కనబడినా కత్తితో కోసి తుక్కు మూలకు విసిరేవాణ్ని. యజమాని ఉంటే యజమానికి, లేకపోతే డ్రైవరుకు అరగంట క్లాసు. అది ఉచితం. జనం మాత్రం దాన్ని కూలిలో కలుపుతున్నానేమో అనుకునేవాళ్లు.

మూడుసార్లు విరిగిన ఎడమ కమాను

లింబాద్రి పటేల్‌ది బోధన్ దగ్గర ఒక ఊరు. నిజాంసాగర్ కాలువ కింద చెరుకు, వరి. తెల్ల అంబాసిడర్. దాన్ని నడిపేది ప్రభుదాస్. ఆదివారం చర్చిలో డోలక్ వాయించే మనిషి, మిగతా ఆరు రోజులూ కారును గుడ్ల గంప మోసినట్టు నడిపేవాడు.

మొదటిసారి ఎడమ వెనక మెయిన్ పట్టీ విరిగింది. కట్ట మొత్తం మార్చాలన్నాను.

“పన్ను నొస్తే తలకాయ మారుస్తరా ఉస్తాద్?” అన్నాడు పటేల్.

షెడ్డులో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చి ఒక్క పట్టీకే ఒప్పుకున్నాను. జోక్ బాగుందని రేటు తగ్గించడం ఈ వృత్తిలో పెద్ద తప్పు. రాసి పెట్టుకోండి.

నాలుగైదు నెలలకు మళ్లీ అదే చోట విరిగింది. “చూశారా, ఒక్క పట్టీతో ఇలాగే అవుతుంది” అని పటేల్ మీద గెలిచి, రెండు వైపులా కొత్త కట్టలు బిగించాను. ఖరీదు విని ఆయన కాసేపు కారు వైపు, కాసేపు నా వైపు చూశాడు. రెండింటిలో ఏది అమ్మితే ఆ డబ్బు వస్తుందా అన్నట్టు.

“మూడేళ్ల దాకా ఇటు చూడక్కర్లేదు పటేలా” అని మాటిచ్చాను.

ఒక్క వానాకాలం గడిచింది. ఒక మధ్యాహ్నం ప్రభుదాస్ కారును నడక వేగంతో తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఎడమ పక్క కూలబడి ఉంది. అతను దిగి, తలుపు మెల్లగా వేసి, స్టూలు మీద కూర్చున్నాడు.

“మల్ల గదే పట్టీ ఉస్తాద్. నా నౌకరి పోయినట్టే.”

“ఎవరన్నారు?”

“పటేలే అన్నడు. కొత్త కట్టలేసినా ఇరిగిందంటే నీ చేతులల్లనే ఏదో ఉన్నది, కారు తెచ్చి అప్పజెప్పి తాళంచెవి ఇచ్చి పో అన్నడు. ఇంటిదేమో బీడీలు చేస్తది. గా బీడీల మీద నలుగురం ఎట్ల బతకాలె?”

“గుంతల్లో పడేశావా? నిజం చెప్పు.”

“గుంత కనవడితే దిగి చూసి మల్ల ఎక్కుత. ఇంకెట్ల నడపాలె? ఎత్తుకొని నడువాల్నా?”

నేను కారు కిందికి దూరాను. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుకు ఎడమ వైపు వేలాడుతున్న నల్లగుడ్డ మూట అడ్డం వచ్చింది. పోయినసారి కంటే పెద్దది. అలవాటు ప్రకారం కత్తితో కోసి తుక్కు మూలకు విసిరాను. కింద పడుకునే ఉపన్యాసం మొదలుపెట్టాను. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు, ఇంకా వీళ్లు కారుకు మూటలు కడుతున్నారు, వగైరా. ప్రభుదాస్ పైనుంచి “అవు ఉస్తాద్, అవు ఉస్తాద్” అంటున్నాడు. డోలక్ వాయించే మనిషి కదా, తాళం తప్పడం లేదు.

పట్టీ ఊడదీసి ఎండకు పెట్టాను. విరిగిన ముఖంలో ముప్పాతిక వంతు ముదురు తుప్పుతో నల్లగా ఉంది. ఒక అంచు మాత్రమే తళతళలాడుతోంది. అంటే ఇది గుంత చేసిన పని కాదు. డ్రైవరు చేసిన పని అసలే కాదు. నెలల తరబడి లోపల చీలుతూ వచ్చింది. కొత్త ఉక్కు, ఆ ఒక్కచోటే ఎందుకు చీలింది? ఎడమ వైపే ఎందుకు? చీలిక మొదలైన చోట పట్టీ మీద తెల్లటి చారలున్నాయి. వేలితో రాసి నాలుకకు తాకించాను.

“అయ్యో, ఏంది ఉస్తాద్, నాకుతున్నరు?”

“ఉప్పు!”

“ఉప్పే ఉంటది మరి. మూటల ఉన్నది గదే. కల్లుప్పు, నిమ్మకాయ, పటికె. పటేల్ వాళ్లమ్మ ప్రతి అమాస్యకు కొత్త మూట ఇస్తది. పట్టీ ఇరిగినప్పుడల్లా దిష్టి ఇంక ఎక్కువున్నదని మూట పెద్దగ చేస్తది.”

“ఎడమ వైపే ఎందుకు?”

“కారు లచ్చిమట. ఆడమనిషికి నల్లదారం ఎడమ కాలుకే గద కడ్తరు.”

“నీకు ఇదంతా ఎలా తెలుసు?”

“కట్టేది నేనే గద! గా వయసుల అవ్వ కారు కింద దూరుతదా?”

తుక్కు మూలకు వెళ్లి ఆ మూట ఏరుకొచ్చాను. నన్నెరిగిన వాళ్లు నమ్మరు గాని, ఉపన్యాసం లేకుండానే. ఉప్పు గాలిలో తడిని లాగి కరుగుతుంది, పైనుంచి నిమ్మకాయ పులుపు, రెండూ కలిసి రాత్రింబవళ్లు పట్టీ మీద చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. తుప్పు గుంటలు చేస్తుంది, గుంటలోంచి చీలిక మొదలవుతుంది. విరగకుండా కట్టిన మూటే విరుస్తోంది. విరిగినకొద్దీ మూట పెరుగుతోంది. మూట పెరిగినకొద్దీ త్వరగా విరుగుతోంది.

“మరి నాకు ఒక్కసారీ చెప్పలేదేం ప్రభుదాస్?”

“మీరు అడిగిండ్రా? మూట కోసిండ్రు, ముచ్చట చెప్పిండ్రు.”

నా మూఢనమ్మకం

కొత్తగా వచ్చేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగండి. నేను ఆ మూటను మూడుసార్లు కోశాను. మూడుసార్లూ విప్పి చూడలేదు. మూఢనమ్మకంలో చూడదగ్గది ఏమీ ఉండదన్నది నా నమ్మకం. దానికి రుజువు నా దగ్గర లేదు, ఎన్నడూ వెతకలేదు కూడా. రుజువు లేకుండా పట్టుకు వేలాడే నమ్మకాన్ని ఏమంటారో ఆదివారం ఆదివారం వేదికెక్కి చెప్పినవాణ్ని నేనే.

కమాను విరిగితే ఎంతవుతుందని అడిగారు కదా. పట్టీ ఖరీదు, దాని చివర్లలో ఉండే రబ్బరు బుష్షుల ఖరీదు, కూలి. మెకానిక్కు చూడకుండా మాట్లాడేవాడైతే ఇవన్నీ ఇంటూ మూడు. మూడోసారి ఖర్చు నేనే పెట్టుకున్నాను. నేను మాటిచ్చాను, పైగా మొదటిసారే మూట విప్పి ఉంటే రెండోసారి విరిగేదే కాదు.

తొక్కు కుండ

పట్టీ బిగించి, విరిగిన ముక్కలూ మూటా పట్టుకుని ప్రభుదాస్‌తో పాటు నేనే బయల్దేరాను. తాళంచెవి అప్పజెప్పడానికి అతను, నిజం చెప్పడానికి నేను. దారిలో అతను కారు పక్కకు ఆపాడు.

“ఉస్తాద్, ఒక్క మాట. ఆడ ఉపన్యాసం ఇయ్యకుండ్రి.”

“నిజం చెప్పొద్దా?”

“చెప్పుండ్రి. గాని అవ్వను నగుబాటు చేయకుండ్రి. మీరు గెలిచి బస్సెక్కి పోతరు. గా ఇంట్ల ఉండేది నేను. వాని మతం వేరు గనుక మెకానిక్‌ను తోలుకొచ్చి మన పద్ధతిని ఎక్కిరిపిచ్చిండు అంటరు. గప్పుడు కమాను మంచిగుంటది, నేనుండ.”

మూట గురించి అతను ఇంతకాలం ఎందుకు నోరు విప్పలేదో అప్పుడర్థమైంది. సరేనన్నాను. మాట నిలబెట్టుకోగలనని నాకే నమ్మకం లేదు.

పటేల్ అరుగు మీద ఉన్నాడు. ఆయన తల్లి లచ్చవ్వ గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ముక్కలు చూపించి సంగతి చెప్పాను.

“అంటే మా అమ్మ చేసిన పనికి కారు ఇరిగిందంటవా?” అని పటేల్ కండువా దులిపాడు.

“దిష్టి లేదంటవా ఏంది?” అంది లచ్చవ్వ. “పొరుగామె చూడంగనే మా గోద పాలెందుకు ఆపింది?”

గోద అంటే వాళ్ల బర్రె. ఆ ఒక్క బర్రె మీద నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. ప్రభుదాస్ వెనక దగ్గాడు.

“బర్రె సంగతి తర్వాత అవ్వా. ఉప్పు సంగతి చెప్పు. ఉప్పు ఇనుమును తినదంటావా?”

“తింటే మా తొక్కు కుండనెందుకు తినదు? ఏడాదంత ఉప్పే గద దాండ్ల.”

“కుండ మట్టిది. తొక్కు పచ్చడి తీయడానికి ఏ గరిటె వాడతావు?”

“కర్రది.”

“ఇనుపది ఎందుకు పెట్టవు?”

లచ్చవ్వ పీట మీద ముందుకు వంగింది. నా చేతిలో పట్టీ ముక్క వైపు చూసింది. “ఇనుపది చెడిపోతది” అంది, సగం తనతో తనే అన్నట్టు.

అక్కడ నేను ఆగాను. నా జీవితంలో వాదన గెలవబోతూ ఆగిన మొదటిసారి అదే. “నా మాట నమ్మొద్దవ్వా. నువ్వే చూడు” అని ఆ పాత పట్టీ ముక్కల్లో నున్నటివి రెండు ఏరాను. ఒకదానికి మూట కట్టాం, ఒకదానికి లేదు. రెండూ ఒకేచోట, స్నానాల గది వెనక చూరు కింద వేలాడదీశాం.

“రెండు అమాస్యలు చూద్దం” అన్నాడు పటేల్. “ఉస్తాద్ చెప్పింది నిజమైతే వీడు ఉంటడు. కాకపోతే ముందు మార్చిన రెండు కట్టల పైసలు సుత నువ్వే వాపస్ ఇయ్యాలె, వీడు ఇంటికి పోవాలె. గప్పటి దాక నడుపుమను, గాని కారుకు మూట కట్టొద్దు.”

రెండు అమావాస్యల తర్వాత

వెళ్లేసరికి లచ్చవ్వ రెండు ముక్కలూ ముందేసుకుని కూర్చుని ఉంది. రోజూ పొద్దున్నే వెళ్లి చూసేదట. నేను రాకముందే ఇటుకపొడితో తోమింది కూడా. మూట లేని ముక్క మీద పల్చటి తుప్పు, తోమితే పోయింది. మూట కట్టినది పుచ్చిన పన్నులా గుంటలు గుంటలుగా ఉంది.

“గింత చిన్న గుంటకు గంత ఉక్కు ఇరుగుతదా?” అన్నాడు పటేల్. వదిలిపెట్టే మనిషి కాదు.

అరుగు పక్కన చెరుకు గడలున్నాయి. ఒక గడ ఇచ్చి మోకాలికి ఆనించి వంచమన్నాను. వంగింది గాని విరగలేదు. అలాంటిదే ఇంకో గడకు కొడవలితో సన్నటి గాటు పెట్టి ఇచ్చాను. ఫట్‌మని గాటు దగ్గరే రెండయింది. చెరుకు రైతుకు అంతకంటే చెప్పక్కర్లేదు. ఆయన రెండు చెరుకు ముక్కలనూ చూసి, ఒకటి కొరుక్కుంటూ లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చాడు. ఆ రెండు నెలలూ కారు తీసినప్పుడల్లా ఆయనే ఇచ్చి, రాగానే తీసుకునేవాడు.

“ఇగో, ఇగ నీ దగ్గరనే పెట్టుకో” అని ప్రభుదాస్ చేతిలో పెట్టాడు. “నీ చేతులల్ల ఏం లేదు తియ్యి.”

ప్రభుదాస్ తాళంచెవిని చొక్కా జేబులో వేసుకుని, జేబును పైనుంచి రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. నేను లేవబోతున్నాను.

లచ్చవ్వ గుంటలు పడ్డ ముక్కను ఇంకా వదల్లేదు. దాన్ని ఒళ్లో అటూ ఇటూ తిప్పి, మెచ్చుకోలుగా తల ఊపింది.

“చూసిండ్రా, ఉప్పుకు ఎంత తాకత్ ఉన్నదో! గింత గట్టి ఉక్కునే తిన్నదంటే, దిష్టిని తినకుండ ఉంటదా? కారు కిందికి వద్దు గాని, ఇగ ఇంటి దర్వాజకు కడ్త. అది కర్రదే గద. ఏమంటవ్ ఉస్తాద్?”

పటేల్ నా వైపు చూశాడు. నా నోరు తెరుచుకుంది. నాలుక మీద కనీసం ఐదు వాదనలు వరసకట్టి నిలబడ్డాయి, అందులో రెండు మహా గొప్పవి. ప్రభుదాస్ ఎటో చూస్తూ, తన చెప్పుకాలు తెచ్చి నా పాదం మీద పెట్టి గట్టిగా అదిమాడు.

“మంచిగ కట్టుకో అవ్వా” అన్నాను.

అతను కాలు తీశాడు.